నిశాచర గృహంలో ఏమీ కనపడలేదా? పదిహేను నిమిషాలు నిలబడి చూడండి

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఉన్నాయండీ. ఆదివారం పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నెహ్రూ జూకి వెళ్లారు, నిశాచర జంతువుల గృహంలో చీకటీ అద్దాలూ తప్ప ఏమీ కనపడలేదు, లోపల అసలు జంతువులు ఉన్నాయా అన్నది మొదటిది. బయటికి వచ్చాక మీ పాప "పగలే వాటిని చీకట్లో పెట్టడం పాపం కదమ్మా" అంటే ఏం చెప్పాలో తెలియలేదన్నది రెండోది.

ముందు సూటిగా చెప్తాను. లోపల జంతువులు ఉంటాయి. ఒకటో రెండో గదులు చికిత్స కోసమో మరమ్మతు కోసమో ఖాళీగా ఉండొచ్చు గానీ మిగతా వాటిలో ఉంటాయి. ఎండలోంచి వచ్చిన మీ కళ్లు ఆ చీకటికి అలవాటు పడకముందే మీరు బయటికి వచ్చేశారు. ఇక పాప ప్రశ్నకి: పగలూ రాత్రీ తారుమారు చేయడం దానంతట అది హింస కాదు. వాటికి ఇచ్చిన రాత్రిని మధ్యమధ్యలో చెడగొట్టడం హింస. ఈ రెండో మాట గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చెడగొట్టేవాళ్లలో జూ సిబ్బందీ ఉంటారు, చూడటానికి వచ్చే మనమూ ఉంటాం.

నేను ఇరవై రెండేళ్లు జూలో పనిచేశాను. అందులో పదకొండేళ్లు నిశాచర గృహం నా చేతిలోనే ఉంది. అది నెహ్రూ జూ కాదు. అక్కడికి చూడటానికి మాత్రం చాలాసార్లు వెళ్లాను. నేను పనిచేసిన జూ పేరు రాయను, అక్కడ జరిగిన తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి.

గృహం ఎలా నడుస్తుంది

నిశాచర జంతువులకి పగలంటే నిద్ర. జూ తెరిచి ఉండేది పగలు. మామూలు బోనులో పెడితే వచ్చినవాళ్లకి ఒక మూల ముద్దలా పడుకున్న బొచ్చు తప్ప ఏమీ కనపడదు. అందుకని గడియారం తిప్పుతారు. మా దగ్గర రాత్రి 9 గంటలకి లోపల ట్యూబ్‌లైట్లు వెలిగేవి, ఉదయం 9 దాకా వెలుగుతూనే ఉండేవి. అది వాటి పగలు, వాటి నిద్ర. ఉదయం 9కి లైట్లు మెల్లగా తగ్గించి ఎర్రటి చిన్న దీపాలు మాత్రం ఉంచేవాళ్లం. అది వాటి సాయంత్రం. తొమ్మిదిన్నరకి మేత. కడగడం, తుడవడం ఏడున్నర నుంచి తొమ్మిదిలోపు, అంటే వాటి పగటి చివర్లో అయిపోవాలి. ఒక్కసారి రాత్రి మొదలయ్యాక చీపురు పట్టుకుని లోపలికి వెళ్లకూడదు.

కొత్తగా వచ్చిన జంతువుని ఒక్కరోజులో తిప్పేయం. అమెరికా వెళ్లి దిగిన మనిషికి నాలుగైదు రోజులు నిద్ర ఎలా పట్టదో దానికీ అంతే. ముందు వెనక గదుల్లో పెట్టి, రోజుకి ఒక గంట చొప్పున వెలుతురు వేళ జరుపుతూ పన్నెండు రోజుల్లో తిప్పేవాళ్లం. ఆ తర్వాత ఇంకో వారం తిండి, బరువు చూసి, బాగుంటేనే ప్రదర్శనకి పంపేవాళ్లం. అలా తిరిగాక ఆ జంతువుకి అదే అసలు రాత్రి. ఒంట్లోని గడియారం వెలుతురుని బట్టి సర్దుకుంటుంది తప్ప, బయట సూర్యుడు ఎక్కడున్నాడో దానికి తెలియదు. మీ పాపకి ఇలా చెప్పండి: "వాటికి నిద్రపోయే వేళ మనం మార్చాం, నిద్ర మాత్రం తీసేయలేదు."

ఒక మాట. జూ సిబ్బందితో మాట్లాడేటప్పుడు "నైట్ హౌస్" అంటే వాళ్లు వేరే అర్థం చేసుకుంటారు. పులీ సింహం రాత్రి పడుకునే లోపలి గదిని నైట్ హౌస్ అంటారు. దీన్ని నాక్టర్నల్ హౌస్ అనాలి.

ఇలాంటి గృహాలు మరీ పాతవేమీ కావు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ జూలో 1953లో పెట్టినదాన్ని మొట్టమొదటిదిగా చెప్తారు. లండన్ జూలో 1967లో నేలమాళిగలో "మూన్‌లైట్ వరల్డ్" వచ్చింది, న్యూయార్క్ బ్రాంక్స్ జూలో 1969లో "వరల్డ్ ఆఫ్ డార్క్‌నెస్". ఆ బ్రాంక్స్ గృహం 2009లో డబ్బు కొరతతో మూతపడి, మళ్లీ 2025లో తెరుచుకుంది. అంత పెద్ద జూకే పదహారేళ్లు పట్టింది. ఇది ఖర్చుతో కూడిన వ్యవహారం, ఏసీ, గాలి మార్పిడి, దీపాలు ఏడాది పొడుగునా ఆగకుండా నడవాలి. మన దగ్గర నిర్వహణ బలహీనంగా కనిపిస్తే అందులో బడ్జెట్ పాత్ర కూడా ఉంటుంది.

ఎవరెవరు ఉంటారు

నెహ్రూ జూ గృహంలో దేవాంగపిల్లి, స్లో లోరిస్, పునుగు జాతి పిల్లులు, చిరుతపిల్లి (చిరుత కాదు, చిన్న అడవిపిల్లి), హెడ్జ్‌హాగ్ (ఒంటి నిండా ముళ్లుండే చిన్న జంతువు), పళ్లు తినే గబ్బిలాలు, రకరకాల గుడ్లగూబలు ఉంటాయని చెప్తారు. ఏ రోజు ఏవి ప్రదర్శనలో ఉంటాయన్నది మారుతూ ఉంటుంది.

వీటిలో నా ప్రాణం దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉన్నా అది పిల్లి కాదు, కోతులకి దూరపు చుట్టం, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు. పావు కిలో కూడా తూగనివి చాలా ఉంటాయి. తోక లేదు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, ముఖం నిండా రెండు కళ్లు. మన శేషాచలం, నల్లమల అడవుల్లో ఉంది. తమిళులు కూడా దాదాపు ఇదే పేరుతో తేవాంగు అంటారు. దీని కోసమే తమిళనాడు ప్రభుత్వం 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్ల కడవూర్ అభయారణ్యం ప్రకటించింది. దేశంలో దేవాంగపిల్లి కోసం పెట్టిన మొదటి అభయారణ్యం అదే.

అది ఎంత నెమ్మదిగా కదులుతుందంటే కొమ్మ కదిలినట్టు కూడా ఉండదు. కానీ మిడత దగ్గరికి వచ్చాక రెండు చేతులూ ఒక్కసారి చాచి పట్టేస్తుంది. ఆ ఒక్క క్షణం చూడటానికి నేను డ్యూటీ అయిపోయాక కూడా నిలబడేవాణ్ణి. దానికి పురుగులు కావాలి. అందుకని గోధుమ తవుడు డబ్బాల్లో మీల్‌వార్మ్‌లు (ఒక రకం పిండి పురుగులు) పెంచేవాళ్లం, కీచురాళ్లు, మిడతలు పట్టేవాళ్లం. పళ్లు పెడితే తింటుంది, కానీ పళ్లతో కడుపు నింపితే లావెక్కి జబ్బు పడుతుంది.

స్లో లోరిస్ దాని ఈశాన్య భారతపు బంధువు, కొంచెం బొద్దుగా ఉంటుంది. మోచేతి దగ్గర ఉన్న గ్రంథి ద్రవాన్ని నాకి లాలాజలంతో కలుపుకుంటే కాటు విషమవుతుంది. కోతి జాతి బంధువుల్లో విషం ఉన్నవి ఇవే. ఇంటర్నెట్‌లో చేతులు పైకెత్తిన స్లో లోరిస్‌కి చక్కిలిగింతలు పెట్టే వీడియోలు చూసే ఉంటారు. అది సరదాతో చేతులెత్తడం కాదు, భయంతో ఆ గ్రంథి నోటి దగ్గరికి తెచ్చుకోవడం. దయచేసి పిల్లలకి ఆ వీడియోలు చూపించకండి. వాటిలో చాలావాటికి అమ్మేవాళ్లు పళ్లు కత్తిరించేసి ఉంటారు. అలా దొరికినవాటిని మళ్లీ అడవిలో వదలలేం. అడవిలో అది చెట్టు బెరడు గీరి జిగురు తింటుంది. పాత రోజుల్లో జూలన్నీ దానికి అరటిపండు, బ్రెడ్ పెట్టేవి. దంతాలు పుచ్చిపోయేవి, ఊబకాయం వచ్చేది. ఇప్పుడు తుమ్మ జిగురు పెడుతున్నారు. కొమ్మకి రంధ్రాలు చేసి అందులో జిగురు కూరితే అరగంట దాంతోనే గడుపుతుంది. మందుల కన్నా అది ఎక్కువ మేలు చేసింది.

పునుగుపిల్లి మన తెలుగువాళ్లకి కొత్త కాదు. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే పునుగు తైలం దీన్నుంచి వచ్చేదే. ఇక్కడ ఒక తేడా గమనించాలి. పునుగుపిల్లి నేల మీద తిరిగే జంతువు, దానికి పొదలు, గుల్లబారిన మొద్దులు, నేల మీద దాక్కునే చోటు కావాలి. మానుపిల్లి చెట్టెక్కేది, దానికి ఎత్తు కావాలి. ఊళ్లలో పెంకుటిళ్ల అటకల మీద పడుకుని రాత్రి తిరిగేది ఈ మానుపిల్లే. చాలా చోట్ల ఈ రెంటికీ ఒకే రకం గది ఇస్తారు, ఒక అడ్డకర్ర, ఒక చెక్క పెట్టె. అది తప్పు. నేల జంతువుకి అటక ఇచ్చి లాభం లేదు, చెట్టు జంతువుకి విశాలమైన నేల ఇచ్చీ లాభం లేదు.

గబ్బిలాలు అన్నిటికన్నా తేలిక. పళ్లు తినే పెద్ద గబ్బిలాలు అడవిలో కూడా పట్టపగలే చెట్లకి వేలాడుతూ కనపడతాయి, కళ్లు బాగా కనపడతాయి. చీకట్లో అరుపు ప్రతిధ్వనితో దారి కనుక్కునేవి ప్రధానంగా పురుగులు తినే చిన్న గబ్బిలాలు. బొప్పాయి, సపోటా ముక్కలు కొక్కేలకి గుచ్చి వేలాడదీస్తే చాలు, ఎగరడానికి చోటు ఉంటే సంతోషంగా ఉంటాయి.

పులీ, చిరుతా, ఎలుగుబంటీ కూడా రాత్రి తిరిగేవే కదా, వాటిని ఎందుకు తిప్పరు అని మీరు అడగొచ్చు. వాటికి పెద్ద ఆవరణ కావాలి, ఎండా మట్టీ నీళ్లూ కావాలి, అంతా పైకప్పు కింద పెట్టలేం. పైగా అవి సంజె వేళల్లో, చల్లటి ఉదయాల్లో కూడా తిరుగుతాయి. గుడ్లగూబల్లోనూ కొన్ని అంతే. ఊరి చెట్టు తొర్రలో పైడికంటి మధ్యాహ్నమే తల బయటికి పెట్టి చూస్తుంది. కాబట్టి నిశాచర గృహం చిన్న ప్రాణుల కోసమే.

వాటి రాత్రి ఎలా చెడుతుంది

ఇక అసలు సంగతి. నేను చూసిన నాలుగు సందర్భాలు చెప్తాను.

మొదటిది టైమర్. మా దగ్గర ఉదయం లైట్లు తగ్గించేది మనిషి, రాత్రి 9కి వెలిగించేది గోడకున్న పాత గడియారం టైమర్. కరెంటు పోతే ఆ టైమర్ కూడా ఆగేది, వచ్చాక ఆగిన చోటి నుంచే నడిచేది. ఒక వానాకాలం వారానికి రెండుసార్లు అరగంటో ముప్పావుగంటో కరెంటు పోయేది. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే పొద్దున మేం వచ్చేసరికి లైట్లు వెలుగుతూనే ఉండేవి. తేడా తెలిసింది తక్కెడ దగ్గర. వారం వారం బరువు చూసేవాళ్లం. ఒక ఆడ దేవాంగపిల్లి నెలలో 260 గ్రాముల నుంచి 238కి దిగింది. పొద్దున మేత పెట్టగానే దిగివచ్చేది కాస్తా పదకొండు దాటితే గానీ కదలడం మానేసింది. పురుగుల మందేశాం, మేత మార్చాం, ఫలితం లేదు. ఒకరోజు జబ్బుపడిన గూబకి మందు వేయడానికి రాత్రి పదిన్నరకి వెళ్లాను. లైట్లు వెలుగుతూ ఉండాల్సిన గృహం చీకటిగా ఉంది, లోరిస్‌లన్నీ తిరుగుతున్నాయి. టైమర్ చూస్తే నాలుగు గంటలకి పైగా వెనకబడి ఉంది. అంటే వాటికి తెల్లవారేది అర్ధరాత్రి ఒంటిగంట దాటాక, మళ్లీ ఉదయం తొమ్మిదికే మేం సాయంత్రం చేసేవాళ్లం. నెల రోజులుగా వాటికి చాలినంత నిద్ర లేదు.

ఆ రాత్రి నాకు చాలా బాధ కలిగింది. అది నోరు తెరిచి చెప్పలేదు, మేం మందుల కోసం వెతికాం. తర్వాత బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ పెట్టించాం. దాంతోపాటు రాత్రి వాచ్‌మన్ లైట్లు వెలిగిన వేళ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలని నియమం పెట్టాం. ఆ ఆడది మూడు వారాల్లో మళ్లీ 255కి వచ్చింది. నిశాచర గృహంలో పనిచేసే ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్కసారి రాత్రి వేళ చెప్పకుండా వెళ్లి చూడండి.

ఇలాంటిదే సెలవు రోజు సమస్య. జూలకి వారానికో సెలవు ఉంటుంది, నెహ్రూ జూకి సోమవారం. ఆ రోజు సందర్శకులు రారు కాబట్టి ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు వచ్చి అన్ని లైట్లూ వేసి మరమ్మతులు చేస్తారు. వాళ్ల దృష్టిలో సెలవు. జంతువుకి మాత్రం ఆ రోజు అర్ధరాత్రిపూట సూర్యుడు వచ్చినట్టు. మరమ్మతులు రాత్రి 9 తర్వాత పెట్టుకోవాలి, వాటికి అప్పుడే పగలు.

రెండోది ఫ్లాష్. ఫ్లాష్ తగిలితే దేవాంగపిల్లి పారిపోదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. అది దాని స్వభావం, అడవిలో గూబ కంటపడకుండా అలాగే బతుకుతుంది. నేను వాచీ పెట్టుకుని చూశాను. ఒక ఫ్లాష్ తర్వాత మళ్లీ కదలడానికి తక్కువలో తక్కువ నాలుగు నిమిషాలు, ఒకసారి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం ప్రతి రెండు మూడు నిమిషాలకి ఒకరు ఫోన్ టార్చ్ వేస్తారు. ఇక అది రోజంతా కదలదు. తర్వాత వచ్చినవాళ్లు "ఇది బొమ్మేమో" అంటూ ఇంకో టార్చ్ వేస్తారు. మీకు ఆదివారం ఏమీ కనపడకపోవడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. దాని కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, చొరబడిన వెలుతురుని రెండోసారి వాడుకోవడానికి. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటదు, మన హాల్లో ట్యూబ్‌లైటు కింద వంద లక్స్ పైనే ఉంటుంది. ఆ పున్నమిలో పురుగుని పట్టగల కంట్లోకి టార్చ్ వేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. అద్దం మీద వేళ్లతో కొట్టడం కూడా అంతే.

మూడోది శుభ్రత. ఇది వింటే ఆశ్చర్యపోతారు. ఒక కొత్త కీపర్ వచ్చాడు, చాలా కష్టపడే మనిషి. రోజూ కొమ్మలన్నీ దించి ఫినాయిల్‌తో కడిగి మళ్లీ పెట్టేవాడు. వారంలో లోరిస్‌లు మేత సగం వదిలేశాయి. లోరిస్ తన మూత్రాన్ని అరచేతులకీ పాదాలకీ రాసుకుని కొమ్మల మీద నడుస్తుంది. ఆ వాసనే దానికి ఇంటి దారి, ఇంటి గుర్తు. రోజూ అది చెరిపేస్తే రోజూ కొత్త ఇంట్లో దిగినట్టే. నేల రోజూ కడగాలి, కొమ్మలు మాత్రం వారానికి సగం చొప్పున మార్చాలి, ఫినాయిల్ అసలు వద్దు. అలాగని దుర్వాసన భరించాలని కాదు. గబ్బిలాల గదిలో, పునుగుల గదిలో కళ్లు మండేంత ఘాటు ఉందంటే గాలి తిరగడం లేదని అర్థం. అది జంతువు ఊపిరితిత్తులకి చేటు. వెలుతురు రాకుండా, గాలి మాత్రం వచ్చేలా నల్లరంగు వేసిన వంకర దారులు కట్టడం కష్టమేమీ కాదు.

నాలుగోది మన వాతావరణానికి సంబంధించింది. చల్లటి దేశాల్లో రాసిన పుస్తకాల్లో ఇది అంతగా కనపడదు. అడవిలో రాత్రి చల్లగా ఉంటుంది, పగలు వేడిగా. గృహంలో మాత్రం వాటి రాత్రి మన మధ్యాహ్నం. మే నెలలో బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ సరిగా లేకపోతే, చీకటి ఒకటి చెప్తుంది, వేడి ఇంకోటి చెప్తుంది. జంతువు బయటికి రావడానికి తటపటాయిస్తుంది, నీళ్ల గిన్నె దగ్గరే పడి ఉంటుంది. ఉన్న ఏసీని పగలు గట్టిగా, రాత్రి తక్కువగా నడపాలి. కరెంటు బిల్లు చూసి చాలా చోట్ల సరిగ్గా మధ్యాహ్నమే తగ్గిస్తారు. వేసవి ప్రణాళిక వేసేటప్పుడు పులులకి కూలర్లు, ఏనుగులకి నీటి జల్లులు అందరికీ గుర్తొస్తాయి, పావు కిలో ప్రాణి ఎవరికీ గుర్తు రాదు.

ఎర్ర దీపమా, నీలి దీపమా

కొన్ని జూలలో నీలి దీపాలు పెడతారు, వెన్నెలలా అందంగా ఉంటుందని. నాకూ మొదట్లో అదే నచ్చేది. కానీ కంటిలో పగలా రాత్రా అని ఒంటికి చెప్పే భాగం నీలి కాంతికే ఎక్కువ స్పందిస్తుంది. అమెరికా జూలలో లోరిస్‌లు, వాటిలాగే రాత్రి తిరిగే కోతుల దూరపు చుట్టాలైన పొట్టోలు, ఆయ్-ఆయ్‌ల మీద చేసిన పరిశీలనలో నీలి దీపాల కింద అవి తక్కువ తిరిగాయి. లాలాజలంలో మెలటోనిన్ అనే రాత్రి హార్మోను కూడా ఎర్ర దీపాల కింద కన్నా తగ్గింది. మా గృహంలో నీలివి తీసి ఎర్రవి పెట్టించాక నాకూ అదే కనపడింది. ఎరుపు వాటికి అసలు కనపడదని కొందరు రాస్తుంటారు, అది పూర్తిగా నిజం కాదు. తక్కువ కనపడుతుంది. కాబట్టి ఎర్ర దీపమైనా మసకగానే ఉండాలి.

సింగపూర్‌లోలా రాత్రిపూటే జూ తెరిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. 1994లో మొదలైన అక్కడి నైట్ సఫారీ మంచి పద్ధతే, గడియారం తిప్పాల్సిన పని లేదు. సింగపూర్ భూమధ్యరేఖ పక్కనే ఉంది, ఏడాది పొడుగునా ఏడున్నరకల్లా చీకటి పడుతుంది. అది ఒక నగరం, రాత్రి రవాణా ఉంది. కానీ ట్రామ్‌లో వెళ్తూ దేవాంగపిల్లి మిడతని పట్టడం చూడలేం. చిన్న ప్రాణికి అద్దం ముందు అడుగు దూరంలో నిలబడే గృహమే కావాలి.

పాప ప్రశ్నకి మిగిలిన సమాధానం

అన్ని నిశాచర గృహాలూ మంచివని నేను చెప్పడం లేదు. కొన్నింటిని చూసి కడుపు తరుక్కుపోయి బయటికి వచ్చాను. సిమెంటు నేల, ఒక ఎండు కొమ్మ, అద్దం వెనక అటూ ఇటూ ఒకే దారిలో తిరిగే పునుగుపిల్లి. జంతువు ఒకే గీత మీద, ఒకే మలుపు తిరుగుతూ ఆగకుండా నడుస్తుంటే అది చురుకుదనం కాదు, బాధ. నా దగ్గరా ఒక మానుపిల్లి అలా తిరిగేది. మేత ఒకే గిన్నెలో పెట్టడం మానేసి ఏడు చోట్ల, వేర్వేరు ఎత్తుల్లో దాచి పెట్టాం. పడుకునే పెట్టెలు రెండు చేశాం. నడక పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గింది. తెరిచిన మొదటి రెండు గంటలు అది వెతుకులాటలోనే గడిపేది.

తిరిగి అడవిలో వదలాల్సిన జంతువుని మాత్రం ఈ గృహంలో పెట్టకూడదు. దానికి గడియారం తిప్పడమే తప్పు. జనానికి కనపడని చోట, మామూలు పగలూ రాత్రుల్లోనే ఉంచాలి. ప్రదర్శనలో ఉండాల్సినవి జూలోనే పుట్టినవి, లేదా పళ్లు పోయి, కన్ను పోయి అడవిలో బతకలేనివి. మా ఆడ దేవాంగపిల్లి కూడా క్షుద్రపూజల పేరుతో పట్టి అమ్మబోతుంటే అటవీ సిబ్బంది విడిపించి తెచ్చిందే. ఒక కంట్లో శుక్లం. దాని ముందు నిలబడ్డ పిల్లల్లో కొందరైనా దేవాంగపిల్లి అంటే మంత్రాల వస్తువు కాదని తెలుసుకుని వెళ్లారు. నిశాచర గృహం ఉండాలని నేను అనడానికి అదే కారణం.

మీకు ఏదైనా గృహంలో ఘాటు వాసన, ఆగని నడక, నీళ్లు లేని గిన్నె కనపడితే కీపర్ మీద అరవకండి, అతని చేతిలో ఉండేది చాలా తక్కువ. గది దగ్గరున్న బోర్డు మీది పేరు, తేదీ, వేళ రాసుకుని జూ క్యూరేటర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. స్పందన లేకపోతే కేంద్ర జూ ప్రాధికార సంస్థకి రాయొచ్చు. దేశంలో జూలకి గుర్తింపు ఇచ్చేదీ, రద్దు చేసేదీ వాళ్లే.

మళ్లీ వెళ్లినప్పుడు

ఆదివారం వద్దు. మంగళవారమో బుధవారమో, జూ తెరవగానే వెళ్లండి. పులుల దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, ముందు నిశాచర గృహానికి నడవండి. చాలా గృహాల్లో అప్పుడే మేత పెట్టి ఉంటారు, టార్చ్‌లు ఇంకా మొదలై ఉండవు.

లోపలికి వెళ్లే ముందు ఐదు నిమిషాలు నీడలో నిలబడి పిల్లల్ని ఒక కన్ను మూసుకోమనండి. లోపలికి వెళ్లాక ఆ కన్ను తెరిస్తే అది అప్పటికే చీకటికి కొంత అలవాటు పడి ఉంటుంది. వాళ్లకి అది ఆటలా ఉంటుంది, పని కూడా చేస్తుంది. ఫోన్లు సంచిలో పెట్టేయండి, వెలిగే బూట్లు వేసుకున్న చిన్నపిల్లలుంటే వాటిని కూడా విప్పించండి. మన కంట్లో చీకటిలో పనిచేసే కణాలు పూర్తిగా కోలుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, పదిహేను నిమిషాలకే చాలా తేడా తెలుస్తుంది. గదులన్నీ చుట్టేయకండి. ఒకే గది ఎంచుకుని దాని ముందు నిలబడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చూడాలనుకున్న చోటికి సూటిగా చూడకండి. కొంచెం పక్కకి చూడండి. కంటి నడిమధ్యలో చీకటి కణాలు ఉండవు, అంచుల్లో ఉంటాయి. లోరిస్ కోసమైతే గది పైభాగంలో, సన్నటి కొమ్మలు అల్లుకున్న మూల చూడండి. పునుగుపిల్లి గోడ వారగా నేల మీద వస్తుంది. హెడ్జ్‌హాగ్‌ని కళ్లతో కాక చెవులతో వెతకాలి, ఎండుటాకుల్లో గరగరమంటుంది. మీ పాపకి దేవాంగపిల్లి గది చూపించి, ఏ కొమ్మ మిగతా వాటికన్నా కొంచెం లావుగా ఉందో కనిపెట్టమనండి.